నింగి ఓడకు ఒక శ్రోత

అప్పలసూరి సిగ్నలు స్తంభం మీంచి దిగుతున్నాడు. ఒక చేతిలో ఆర్పిన దీపం, ఇంకో చెయ్యి స్తంభానికున్న ఇనప నిచ్చెన మీద. నాలుగు మెట్లు దిగడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం. ఈ ఆగడం ఈ మధ్యనే అలవాటైంది. కింద ఉప్పుమళ్ల మీద ఎండ పడి, కళ్లు చిట్లించుకోవాల్సినంత తెల్లగా ఉంది.

నౌపడ స్టేషనులో అతను లాంపుమేన్. పొద్దు వాలకముందే సిగ్నళ్లకు దీపాలు పెట్టాలి. తెల్లారాక దించాలి. పగలంతా వాటి మసి తుడిచి, ఒత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోసుకుంటూ కూర్చోవాలి. పొట్టి మనిషి. చెవుల మీద తెల్ల వెంట్రుకలు, ఎంత తోమినా గోళ్లలోంచి వదలని మసి. పక్కన కూర్చున్నవాళ్లు కిరసనాయిలు వాసనకి కాస్త జరిగి కూర్చుంటారు. డ్రైవర్లు దీపాన్ని చూస్తారు గానీ పెట్టినవాణ్ణి చూడరు కదా! చూడాలని అతనూ ఎప్పుడూ అనుకోలేదు, ఆ పుస్తకం చేతికి దొరికేదాకా.

దాన్ని వెయిటింగు రూములో ఎవరో మరిచిపోయారు. పేరు 'నింగి ఓడ', మొదటి భాగం. అట్ట మీద చుక్కల మధ్య ఒక ఓడ, ఓడ ముందు ఒక ప్రమిద. భూమి మీద మిగిలిన చివరి గుడిలోని అఖండ దీపాన్ని ఓడలో పెట్టుకుని, దేవుడి పేరే ఎరగని ఒక చుక్క దాకా తీసుకుపోయే మనుషుల కథ అది. దారిలో పరగ్రహాల దొంగలు అటకాయిస్తారు. నిప్పుల వానలు కురుస్తాయి. దేవుడున్నాడా అని ఓడలోవాళ్లే కొట్టుకుంటారు. అవన్నీ బాగానే ఉన్నాయి గానీ, అప్పలసూరి మనసు మాత్రం శరభయ్య అనే ముసలాడి దగ్గర చిక్కుకుపోయింది. శరభయ్య పని ఆ దీపంలో నూనె పొయ్యడం. అంతే, ఇంకేం లేదు. పోసిన ప్రతిసారీ ఒక మాట అనుకుంటాడు: "చీకటీ నీదే, వెలుగూ నీదే, నడుమనున్న ఈ చెయ్యీ నీదే."

తనలాంటివాడికి కూడా పుస్తకంలో చోటిస్తారని అప్పలసూరికి అప్పటిదాకా తెలీదు. ఆ రోజు పుస్తకం మూసి, మసిగుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా నల్లబడింది, అది వేరే సంగతి. మర్నాటి నుంచి స్తంభం ఎక్కినప్పుడల్లా ఆ మాట అతని నోటికొచ్చేది. తర్వాతి భాగాలు ఒక్కొక్కటీ గార్డు నరసింగరావు విజయనగరం నుంచి తెచ్చిపెట్టాడు.

మొదటి భాగాలు బుల్లమ్మ వింది. భార్య అన్నమాటే గానీ, అతను రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, ఆవిడా అంతే. ఆ పుస్తకం వచ్చాక ఇంట్లో మాటలు పుట్టాయి. చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. దొంగలొచ్చినప్పుడు చేట పక్కన పెట్టేసేది.

"దీపం ఆరిపోద్దేటి?" అని ప్రతి అధ్యాయం చివరా అదే ప్రశ్న.

"నాకేటి తెలుసే! సదవనీ" అనేవాడు.

అది తెలియకుండానే బుల్లమ్మ పోయింది. పోయిన వానల్లో జ్వరం వచ్చింది, తగ్గలేదు. తర్వాతి భాగాలు అతను గోడకి చదివి వినిపించుకున్నాడు. చివరి భాగం వచ్చింది, అదీ చదివాడు. ఒక్క ఆఖరి అధ్యాయం దగ్గర ఆగిపోయాడు.

ఎందుకంటే, శ్రీముఖలింగం అవతల అతని ఊళ్లో పురాణం చెప్పే పంతులు ఆఖరి అధ్యాయం వినేవాళ్లు లేకుండా చదివేవాడు కాదు. వాన పడి జనం రాకపోతే పుస్తకాన్ని పసుపు గుడ్డలో కట్టేసి, ఎవరో ఒకరు కొబ్బరికాయ పట్టుకుని వచ్చేదాకా విప్పేవాడు కాదు. దేవుడి దీపం ఉన్న కథ పురాణం కాకపోతే మరేమిటి? అప్పలసూరి కూడా పుస్తకాన్ని పసుపు గుడ్డలో కట్టాడు. ఆఖరి అధ్యాయం దగ్గర గుర్తుగా ఒక అగ్గిపుల్ల పెట్టాడు. నెల దాటింది. వినడానికి ఒక్కరూ దొరకలేదు.

ఆ పొద్దున దించిన దీపాలు లాంపురూములో పెట్టి, ధైర్యం చేసి టికెట్ల గుమాస్తా గణపతిరావుని అడిగాడు.

"అది నవలయ్యా బాబూ, పురాణం కాదు! చదివి అవతల పడెయ్" అని నవ్వాడు గణపతిరావు. "నువ్వు గుడ్డలో కట్టకముందే నీ దగ్గర పట్టుకెళ్లి చదివేశాను. చివరికేమవుతుందో చెప్పనా?"

అప్పలసూరి రెండు చేతులతో చెవులు మూసుకుని బయటికి పరిగెత్తినంత పని చేశాడు.

బయట పర్లాకిమిడి వెళ్లే చిన్న రైలు కోసం దాలమ్మ ఎండుచేపల గంప దించుకుని కూర్చుని ఉంది. సముద్రం ఒడ్డు భావనపాడు మనిషి. గట్టి గొంతు, పొగాకు కాడ నమిలిన పళ్లు. "ఏటి మావా, సెవుల్లో సీమలెల్లినాయేటి?" అంది.

అతను చెప్పాడు. మొదట తడబడ్డాడు. తర్వాత ఓడ, దీపం, శరభయ్య, బుల్లమ్మ అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పేశాడు. అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో!

దాలమ్మ నవ్వలేదు. "అయితే ఆ ఓడ ఒడ్డుకు సేరినాదో నేదో నీకూ తెల్దన్నమాట."

"తెల్దు. ఇనేవోలు కావాల."

"నాను నీసు ముట్టుకునేదాన్ని మావా. నానింటే పాపం రాదేటి?"

"రాదు. ఆ ఓడలో అందరూ ఇంటారు."

ఆమె గంపకేసి చూసింది. "నా కొడుకు గంగులెక్కిన పడవ ఇంకా ఒడ్డుకు రానేదు. ఇదైనా వచ్చినాదో నేదో ఇంటాను. సాయంత్రం బండికి దిగుతాను. నానొచ్చినదాకా ఇప్పకు."

"ఇప్పను."

ఆ పగలు అప్పలసూరి పని చూసినవాళ్లు పండగేమో అనుకునేవాళ్లు. లాంపురూము ఊడ్చి, నీళ్లు చల్లాడు. మూలనున్న కిరసనాయిలు డబ్బాలు బయట పెట్టాడు. దాలమ్మ కూర్చోడానికి బుల్లమ్మ పీట ఇంటికెళ్లి తెచ్చాడు. సిగ్నలు దీపాల గాజుల్లో తన ముఖం కనిపించేలా తోమాడు. భుజం ఒకటే లాగుతోంది. రేపు మందు రాసుకుందాం అనుకున్నాడు. నెల రోజుల్లో అతను రేపటి గురించి ఏదైనా అనుకోవడం అదే మొదలు.

పొద్దు వాలుతుండగా దీపాలు పట్టుకుని బయల్దేరాడు. ఒక్కొక్క స్తంభం ఎక్కాడు, ఒక్కొక్క దీపం పెట్టాడు, ఆ మాట ఒక్కొక్కసారి అనుకున్నాడు. ఆఖరున ఊరి అవతలి స్తంభం. పైకి చేరేసరికి చెమటకి చొక్కా తడిసిపోయింది. దీపాన్ని చోట్లో కూర్చోబెట్టాడు. ఒత్తి నిలకడగా వెలిగింది. దిగి, స్తంభానికి చేరగిలి కాసేపు కూర్చున్నాడు. ఉప్పుమళ్ల మీంచి గాలి వస్తోంది. చిన్న రైలు కూత దూరంగా వినిపించింది. లేవాలి అనుకున్నాడు.

దాలమ్మ రైలు దిగింది. నెత్తిన గంప లేదు. మిగిలిన సరుకు గంపతో సహా పర్లాకిమిడిలో తెలిసినవాళ్లింట్లో వదిలేసి, అక్కడే బావి దగ్గర తలస్నానం చేసి వచ్చింది. తడి జుట్టు ముడేసుకుని, చేతిలో కొబ్బరికాయ పట్టుకుంది. లాంపురూములో పీట ఉంది, పసుపు గుడ్డలో పుస్తకం ఉంది. మనిషి లేడు.

"మావా!" అని పిలిచింది. పట్టాల వెంబడి చూసింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. మెయిలు వాటిని చూసుకుంటూ వచ్చి వెళ్లిపోయింది. అప్పటికీ రాకపోతే పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్ రాముడు వెతకడానికి వెళ్లాడు. ఊరి అవతలి స్తంభం కింద అతను చేరగిలినవాడు చేరగిలినట్టే ఉన్నాడు, ఊపిరి లేదు.

లాంపురూములో, అక్కణ్ణుంచి మోసుకొచ్చి పడుకోబెట్టిన మనిషి పక్కన దాలమ్మ అదే పీట మీద కూర్చుంది. ఏడవలేదు. గణపతిరావు గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దున నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేసింది. "చివరికేమవుతుందంటే..." అని నెమ్మదిగా మొదలెట్టాడు, ఏదో ఒకటి ఇవ్వాలని.

"సెప్పకు బాబూ. సదువు" అంది దాలమ్మ. కొబ్బరికాయ అప్పలసూరి పక్కన పెట్టింది. "నానొచ్చినాను. మావా ఇక్కడే ఉన్నాడు. ఇద్దరం ఇంటాం."

గణపతిరావు పసుపు గుడ్డ విప్పి, అగ్గిపుల్ల ఉన్న చోట తెరిచాడు. అతను ఆ పుస్తకాన్ని ఒకప్పుడు గబగబా చదివి పారేశాడు. ఇప్పుడు ప్రతి మాటా పలకాల్సి వచ్చింది. రాముడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. శరభయ్య నూనె అయిపోయిన చోట గణపతిరావు ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ అందుకున్నాడు. ఓడ చేరింది. దీపం ఆరలేదు.

దాలమ్మ ముందుకి వంగి, అప్పలసూరి చెవి దగ్గర, నిద్రపోతున్నవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఇన్నావు గదా మావా? ఎల్లి బుల్లమ్మకు సెప్పు, ఆరనేదని."

తర్వాత మనుషులొచ్చారు, అతన్ని తీసుకెళ్లారు. లాంపురూము నేల మీద, ఖాళీ పీట పక్కన, పుస్తకంలోంచి జారిపడిన అగ్గిపుల్ల ఒకటి మిగిలిపోయింది, గియ్యనిది.