స్టాండ్‌బై గదిలో పెద్దాయన

పొద్దున డ్యూటీకి వచ్చిన పైలట్లు ముందు కాఫీ మెషీను దగ్గరికి, తర్వాత అద్దం దగ్గరికి, ఆ తర్వాత సోఫాలోని పెద్దాయన దగ్గరికి వెళ్లేవాళ్లు.

‘‘నమస్తే సార్.’’

‘‘నాకేమైనా ఫోనొచ్చిందా?’’ అనేవాడాయన.

‘‘లేదు సార్.’’

‘‘సరే, కూర్చుంటా.’’

పెద్దాయన ఆ సోఫాలోనే పోయాడు. ఎవరైనా పైలట్‌కి ఆఖరి నిమిషంలో ఒంట్లో బాగోకపోతే బదులు ఎక్కడానికి ఇంకొకరు యూనిఫాం వేసుకుని ఆ గదిలో కాచుకుని కూర్చోవాలి. దాన్నే స్టాండ్‌బై అంటారు. అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆయన గుండె ఆగిపోయింది. అంత్యక్రియలయ్యాయి, కంపెనీ పూలు పంపింది. మర్నాడు చూస్తే బూట్లు తళతళలాడించుకుని మళ్లీ అక్కడే ఉన్నాడు. ఇక వెళ్లొచ్చని తనకెవరూ చెప్పలేదట. ఊడ్చే ఆమె ‘‘కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి సార్’’ అంటే పెట్టుకునేవాడు.

ఆ పైలట్లలో ఒకమ్మాయి ఉండేది, చిన్న ఊళ్లకు తిరిగే ఆ చిన్న విమానాల కంపెనీలో కోపైలట్. సెలవని రాసిచ్చిన రోజే డ్యూటీ పడేది. గంటల తరబడి కూర్చున్నా చక్రం కదిలితేనే జీతం. ఇంట్లో నాన్న ఒక్కడే. రిటైరైన బస్సు డ్రైవరు కాబట్టి, ‘‘డ్యూటీ చార్టును నమ్మి కూర వండకూడదమ్మా’’ అని నవ్వేసేవాడు. ఆమె అన్నీ ఓర్చుకునేది. పెద్దాయన పక్కన కూర్చున్నప్పుడు ఎముకల్లోకి దిగే చలి మాత్రం ఓర్చుకోలేకపోయేది. ఒక్కోసారి ఆయన తనలో తనే, ‘‘బయల్దేరుతున్నానని ఇంట్లో చెప్పానే, తలుపు తీసే ఉంచారేమో’’ అనేవాడు. ఆమెకు తన గొంతే వింటున్నట్టుండేది.

ఆ వానాకాలం నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. ‘‘దగ్గరుండండి’’ అన్నాడు డాక్టరు, ఆమె కళ్లలోకి చూడకుండా. ఎలాగో సెలవు దొరికింది. ఆస్పత్రి వరండాలో ఉండగానే డ్యూటీలు వేసే ఆయన ఫోన్ చేశాడు. గొంతు తప్ప మొహం ఎవరూ ఎరగరు కనక పైలట్లు ఆయనకు ఆకాశవాణి అని పేరుపెట్టారు.

‘‘మధ్యాహ్నం ట్రిప్పుకి రావాలమ్మా. రేపు కూడా దిగిన ఊళ్లోనే మకాం.’’

‘‘నాన్నకు సీరియస్‌గా ఉందండీ.’’

‘‘నాకు మాత్రం పిల్లల్లేరా తల్లీ? విమానం ఆగితే నా మెడకే చుట్టుకుంటుంది. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, గుర్తుపెట్టుకో.’’

నాన్నకు దుప్పటి కప్పి వచ్చేసింది. యూనిఫాంలో స్టాండ్‌బై గదిలో అడుగుపెడితే పెద్దాయన అలవాటుగా తలెత్తాడు. అడగబోయిన మాట అడగలేదు.

‘‘ఏంటమ్మా, మొహం అలా ఉంది?’’

చచ్చిపోయాక ఆయన ఇంకో ప్రశ్న వేయడం అదే మొదలు. ఆమె చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

‘‘నేనున్నాగా. నన్ను పిలవమని చెప్పు.’’

ఆమె ఫోన్ చేసింది. ‘‘ఇక్కడ పెద్దాయన ఉన్నారు కదండీ. ఆయన్ని పిలవండి.’’

అవతల కంప్యూటర్ మీటలు టకటకలాడాయి. చాలాసేపటికి, ‘‘అవును. ఇంకా స్టాండ్‌బైలోనే చూపిస్తోంది’’ అన్నాడు ఆకాశవాణి, గొంతు తగ్గించి.

పెద్దాయన జేబులో ఫోన్ మోగింది. గదిలో అందరూ కప్పులు కింద పెట్టేశారు. ఆ మోత చెవులారా విని, ‘‘వస్తున్నా’’ అన్నాడాయన. లేచాడు. అన్నేళ్లు కూర్చున్నా సోఫా నలగలేదు. అద్దంలో గోడ తప్ప ఏమీ కనపడకపోవడంతో మెడ ఆమె వైపు వంచాడు. ఆమె టై సరిచేసింది. వేళ్లు మొద్దుబారిపోయాయి.

‘‘వెళ్లు తల్లీ. కోపైలట్ కూర్చునే కుడిపక్క సీటైనా నాకేం నామోషీ లేదు.’’

నాన్న కళ్లు తెరిచేసరికి ఆమె మంచం పక్కనే ఉంది.

‘‘డ్యూటీకి పోలేదా?’’

‘‘నా బదులు ఒక పెద్దాయన వెళ్లారు.’’

‘‘పుణ్యాత్ముడు. నువ్వు పుట్టినప్పుడు నన్నూ ఎవరైనా స్టీరింగ్ ముందు నుంచి లేపి పంపుంటే బాగుండేది. నేనొచ్చేసరికి నీకు పేరు కూడా పెట్టేశారు.’’ ఆ మాట ఆయన అంతకుముందెప్పుడూ అనలేదు. అని, గోడవైపు తిరిగాడు.

సాయంత్రం ఆ ట్రిప్పు కెప్టెన్ ఫోన్ చేశాడు. ‘‘ఈకలా దించాడమ్మా విమానాన్ని. బ్యాగు తీసుకుని మెట్లు దిగాడు. టెర్మినల్ వైపు రాలేదు, రన్‌వే పక్క గడ్డిలోకి నడిచాడు. పిలిచాను. వినిపించుకోలేదు.’’

మర్నాడు వాన వెలిసింది. నాన్నకు మాట సన్నబడింది.

‘‘నేనెప్పుడూ విమానం ఎక్కలేదు కదే. పైనుంచి ఎలా ఉంటుందో చెప్పు.’’

ఇన్నేళ్లలో చెప్పే తీరికే దొరకలేదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. మబ్బుల్లో దూరితే కిటికీ ఎలా తెల్లబడుతుందో, వంతెనల మీద బస్సులు చీమల్లా ఎలా పాకుతాయో, వాటిలో ఒకటి ఆయనదే అనుకుని తను కిందికి ఎన్నిసార్లు చూసిందో చెప్పింది. పొలాలు, నది, నది సముద్రంలో కలిసే చోటు. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా చెబుతూనే ఉంది.