స్పరంగి తిన్న మేక

మా ఆండ్రోస్ ద్వీపంలో ఎవరిని ఏమైనా అడగొచ్చు. ఎందుకు లావయ్యావని అడగొచ్చు, మొగుడెందుకు అలిగాడని అడగొచ్చు. స్పరంగి ఎక్కడ కోశావని మాత్రం అడగకూడదు. వసంతం రాగానే ముళ్ళపొదల్లోంచి సన్నగా, పచ్చగా తలెత్తే మొలకలవి. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో ఉడకబెట్టి, నూనె, నిమ్మరసం పోసుకుని తింటాం. ఈస్టర్ వెళ్ళాక గుడ్లు కొట్టి మందపాటి అట్టు పోస్తాం. ఎవరి పొద ఎక్కడుందో కట్టుకున్నవాడికి కూడా చెప్పరు.

నా పొద జాడ మా అత్తగారు ఆర్గిరో పోతూ పోతూ నా చెవిలో చెప్పింది. "జంబేటా, ఇది నీకొక్కదానికే. కల్లిరోయికి తెలిసిందా, నా ఆత్మ శాంతించదు" అంది. కల్లిరోయి నా తోడికోడలు, నాకన్నా పెద్దది. ఆవిడ అట్టు కన్నా నా అట్టు మందంగా ఉండాలి, ఈ ఊళ్ళో నా పరువంతా అందులోనే ఉంది. ఆ పరువు కూడా ఏటా సగమే దక్కుతోంది, ఎందుకంటే నా మొలకల్లో సగం మా పక్కింటి పాంతెలిస్ మేక మేసిపోతుంది. కత్తితో కోసినంత శుభ్రంగా మేస్తుంది పాపిష్ఠిది. దాన్ని నేను తిట్టని తిట్టు లేదు.

ఈ మార్చిలో ఏథెన్స్ నుంచి ఫోకియన్ అనే బట్టతల ఆసామి వచ్చి మా మేడ మీద గదిలో దిగాడు. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదట. ఊళ్ళు తిరిగి రాస్తాడు, నచ్చితే ఎవరో ఒకరు వేసుకుంటారు.

"వాగు వెంట పాత పిండిమర దాకా నడిచి, ఆ దారి గురించి రాద్దామని వచ్చానండీ" అన్నాడు.

నా పొద సరిగ్గా ఆ వాగు వంతెన పక్కనే ఉంది.

"అక్కడేముంది బాబూ, అన్నీ రాళ్ళే" అన్నాను.

"రాళ్ళ మీద కూడా బాగానే రాస్తానండీ."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. గంట నడక అది. సాయంత్రానికి ఒంటినిండా ముళ్ళతో తిరిగొచ్చాడు, మర దాకా పోనే లేదు. చర్చి వెనక సందు మొదట్లో ఫాదర్ యాకోవోస్ ఆపి, "అటు పోకు నాయనా, పాముంది" అన్నాడట. ఉపవాసాల్లో ఆ మనిషి ఆడాల్సిన అబద్ధమేనా అది? చుట్టు తిరిగి పోతే కాఫీ కొట్టు లెఫ్తెరిస్ గోడెక్కి కూర్చుని, "ఇటొద్దు, గోడ కూలేలా ఉంది" అన్నాడట, తాను కూర్చున్న గోడ గురించే. అంజూరపు తోట దగ్గర దర్జీ మరిగో, "పిచ్చెద్దు తిరుగుతోంది" అని వెనక్కి పంపిందట. మా ఊళ్ళో అసలు ఎద్దే లేదు.

"మీ వాళ్ళకి నా మీద ఎంత అభిమానమండీ" అన్నాడు ఫోకియన్, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు నేనే తోడు వెళ్ళాను. దారి మళ్ళిస్తే అనుమానం వస్తుంది, మాటల్లో పెడితే రాదు. తెలివంటే అదీ. నేను పక్కనుంటే ఊళ్ళో ఒక్కరూ నోరెత్తలేదు. నా ముందు పామనీ ఎద్దనీ అంటే వాళ్ళ పొద ఎక్కడుందో నాకు తెలిసిపోతుందని వాళ్ళ భయం, ఆయన సాయంత్రమే అంతా నాకు చెప్పేశాడని వాళ్ళకేం తెలుసు? వంతెన రాగానే, మా గాడిద పెళ్ళివారి కేకు తినేసిన కథ ఎత్తుకున్నాను. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. పొద దాటేదాకా ఆయన్ని తల దించనివ్వలేదు. మర దగ్గర ఫొటోలు తీసుకుని, సంతోషంగా ఓడెక్కి పోయాడు.

వారం తిరక్కుండా వ్యాసం వచ్చింది. లెఫ్తెరిస్ తన కొట్టులో ఫోను పట్టుకుని అందరికీ పైకి చదివాడు. కల్లిరోయి మాత్రం మోకాళ్ళ నొప్పులని రాలేదు. మా గసగసాల పూలనీ, వాగు చప్పుడునీ తెగ పొగిడాడని పొంగిపోయాం. తర్వాతి ముక్క దగ్గర లెఫ్తెరిస్ గొంతు తగ్గింది.

"ఏంటా నసుగుడు? సరిగ్గా చదువు" అంది మరిగో.

ఉన్నది ఉన్నట్టు రాసేశాడు మహానుభావుడు. చర్చి వెనక సందులో పాము నుంచి ఫాదర్ కాపాడాడట. ఫలానా చోట గోడ, ఫలానా చోట ఎద్దు. చివరికి నా వంతు కూడా వచ్చింది: "వంతెన దగ్గర జంబేటా గారు గాడిద కథ రెండుసార్లు చెప్పారు. నేను కిందికి చూడబోతే గడ్డం పట్టుకుని తల ఎత్తారు."

ఎవరిని ఎవరు ఎక్కడ ఆపారో వింటే, ఎవరి పొద ఎక్కడుందో చెప్పక్కర్లేదు. ఫాదర్ కాఫీ సగంలో వదిలేసి, "ప్రార్థనకి వేళైంది" అని లేచాడు. ప్రార్థనకి గంప ఎందుకో నేనడగలేదు, అప్పటికే వంతెన వైపు పరుగెడుతున్నాను.

పొద ముందు కల్లిరోయి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో కత్తి, ఒళ్ళో నా స్పరంగి.

"మోకాళ్ళ నొప్పులన్నావుగా అక్కా" అన్నాను.

"నా పొద దగ్గర నీకేం పనే?" అంది.

"నీ పొదేంటి? అత్తయ్య పోతూ పోతూ నా చెవిలో చెప్పిన పొద ఇది."

కల్లిరోయి కత్తి కింద పెట్టింది. "ఏమని చెప్పింది?"

"నీకొక్కదానికే అంది. నీకు తెలిస్తే ఆత్మ శాంతించదంది."

"నాకూ అదే చెప్పింది" అంది కల్లిరోయి మెల్లగా. "జంబేటాకి తెలిస్తే ఆత్మ శాంతించదని."

ఇద్దరం పొదకేసి చూశాం.

"మరి ఇన్నేళ్ళూ సగం ఎవరు కోసుకుపోతున్నారనుకున్నావే?" అంది.

"పాంతెలిస్ మేక."

"నేనూ అంతే. దాన్ని రాయి పెట్టి కొట్టాను కూడా."

అత్తగారి మీద నాకు కోపం రావాలి. రాలేదు. ముసలావిడ ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పి, ఇద్దరినీ తన ముద్దుల కోడళ్ళని చేసి పోయింది. నవ్వు ఆపుకోలేక ఇద్దరం బురదలో చతికిలబడ్డాం, లేవడానికి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోవలసి వచ్చింది.

ఈ ఈస్టర్‌కి ఇద్దరం కలిసి ఒకే అట్టు పోశాం. అంత మందపాటి అట్టు ఈ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. తిన్నాక చెరో మోపు పచ్చగడ్డి పట్టుకుని పాంతెలిస్ మేక దగ్గరికి వెళ్ళాం, దాని మనసు కాస్త కుదుటపరుద్దామని. అది మా ఇద్దరినీ చూసి గోడ దూకి పారిపోయింది.