మారెక్క మెచ్చిన పాట

గార్లదిన్నె స్టేషనుకు ఎదురుగా నాది మైకుసెట్టు అంగడి. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, రెండు లారీ బ్యాటరీలు. అరవై మూడులో పెట్టినా. చుట్టుపక్కల యాడ పెండ్లి జరిగినా, మీటింగు జరిగినా శ్రీరంగప్ప సెట్టే. నా దగ్గర ఉండేవన్నీ సినిమా రికార్డులు. జనం అడిగేది అవే, నేను వేసేది అవే.

అరవై ఐదు ఎండాకాలంలో మారెక్క గుంతకల్లు పాసింజరు దిగి నేరుగా అంగడికొచ్చింది. మా ఊరి ఆడబిడ్డే. మొగుడు పోయినాక గుంతకల్లులో రైలు డ్రైవర్ల ఇండ్లల్లో పాత్రలు తోముకుంటా బతుకుతాండాది. నలభై దాటింటాయి. మనిషి పొడుగు, మాట సూటి. చంకలో పాత చీర గుడ్డలో చుట్టిన పళ్లెం లాంటిది ఒకటి ఉండాది.

"ఏమప్పా శ్రీరంగప్పా, ఇది తిప్పు" అనింది.

విప్పి చూస్తే రికార్డు. నల్లగా, బరువుగా, అంచులో చిన్న పెచ్చు లేచిపోయి. నడుమ అంటించిన కాగితం చినిగిపోయి పాడినోని పేరు గూడా లేదు.

"యాడిదక్కా ఇది?"

"ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దొర రిటైరై మద్రాసు పోయినాడు. పోయేముందు, ఇంట్లో ఏది కావాల్నో తీసుకో మారెక్కా అన్నాడు. మంచం ఉండాది, కుర్చీలు ఉండాయి, ఇత్తడి బిందె ఉండాది. నేను ఇది తీసుకున్నా."

"బిందె ఇడిచిపెట్టి ఇదా?"

"బిందె యాడైనా దొరుకుతాది. నువ్వు తిప్పప్పా."

సూది పెట్టినా. మొదట పెనంలో వేరుశనగలు వేయించినట్లు చిటపట. ఆ వెనక గిటారు. తీగెను చాకుతో గీరుతాండారేమో అనిపించింది. ఆపైన ఒక మొగ గొంతు, బండలు మోసి మోసి అరిగిపోయినట్లు. తబలా లేదు, పిటీలు లేదు. ఒక మనిషి, ఒక గిటారు, అంతే. ఆయన కాలితో నేల తన్నేది గూడా వినపడతాండాది.

నాకు నవ్వొచ్చింది. "ఎవురో ఏడుస్తాండాడక్కా."

"ఏడ్చేది కాదు. పనికి పోయొచ్చి పాడతాండాడు. బాగా విను. ఒక మాట చెప్తాడు. మళ్ళా అదే చెప్తాడు. మూడోసారి దానికి జవాబు చెప్తాడు. మనోళ్ళు కలుపు తీసేటప్పుడు పాడేదీ ఇట్లే గదా?"

"నీకు ఇంగ్లీషు యాడ తెలుసక్కా?"

"మాట తెలీదు. గొంతు తెలుస్తాది. దొర ఇంట్లో ఇట్లాంటివి నూరు ఉండె. అన్నీ పౌడరు పూసుకున్న గొంతులు. ఈయప్ప ఒక్కడే మొగం గూడా కడుక్కోకుండా వచ్చి పాడినాడు."

రెండో ప్రపంచ యుద్ధమప్పుడు బెంగళూరులో దిగిన అమెరికా సోల్జర్లు వదిలిపోయిన రికార్డంట అది. డాన్సుకు పనికిరాదని దొర దాన్ని పెట్టె అడుగున పడేసినాడంట. దొర లేనప్పుడు ఇల్లు చిమ్ముకుంటా మారెక్కే తీసి వేసుకునేదంట.

ఆ పొద్దు నాలుగుసార్లు వేయించుకుంది. రికార్డు నా దగ్గరే పెట్టి, ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం పాసింజరు ఆలస్యమైంది. ఆమె అంగట్లోకి వచ్చేసరికి నేనొక్కడినే ఆ పాట పెట్టుకోని వింటాండా. సిగ్గేసింది. మారెక్క వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చోని తానూ వినింది.

ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఎండాకాలానికి ఊరి బయట కరువు పని పెట్టినారు. కంకర కొట్టి రోడ్డు వేసే పని. నాలుగు వందల మంది కొడతాండ్రి. కూలి కింద అమెరికా నుంచి వచ్చిన ఎర్ర జొన్నలు కొలిచి ఇస్తాండ్రి. మొదటి మైలు పూర్తయిందని, అనంతపురం నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి రిబ్బను కత్తిరిస్తాడని నన్ను సెట్టు పెట్టమన్నారు.

పది గంటలకు రావాల్సిన ఆఫీసరు పన్నెండయినా రాలేదు. ఎండకు హారన్లు కాలిపోతాండాయి. నేను సినిమా పాటలు వేస్తానే ఉండా. వినేవాళ్ళే లేరు. జనం తలకాయలు మోకాళ్ళలో పెట్టుకోని కూర్చున్నారు. కంకర కొట్టేవాళ్ళల్లో మారెక్క వదిన చౌడమ్మ గూడా ఉండాది. ఆమెను చూసేకి వచ్చిన మారెక్క లేచి నా బల్ల కాడికొచ్చింది.

"నాది పెట్టు."

"వద్దక్కా. గవర్నమెంటు మీటింగు. నా యాపారం పోతాది."

"జనాన్ని చూడు శ్రీరంగప్పా. ఆ పూలతోట పాటలు వీళ్ళకు ఎక్కుతాయా? ఇది ఎక్కుతాది. నాది జవాబుదారి."

ఆమె అంత గట్టిగా చెప్తే నా చెయ్యి నా మాట వినలేదు. రికార్డు మార్చినా.

చిటపటమని మొదలైంది. "ఏమప్పా, మైకు చెడిపోయిందా?" అని ఎవురో అరిచినారు. గొంతు రాగానే నాలుగు వందల మందీ నవ్వినారు. కంకర కుప్ప మీద కూర్చున్న తిప్పయ్య అనే ముసలాయన అడిగినాడు, "ఈ పాట యాడిదమ్మా?"

"అమెరికాది చిన్నాయనా."

"జొన్నల మాదిరే వచ్చిందా?"

"జొన్నల్లో పురుగుండాది. దీంట్లో లేదు" అనింది మారెక్క.

ఈసారి నవ్వు వేరే రకం. ఆ నవ్వు తగ్గకముందే ఆమె మైకు చేతికి తీసుకుంది. రికార్డులో ఆయన ఒక చరణం ముగించి గిటారు గీరుతాండాడు. ఆ సందులో, అదే వరసలో, ఎత్తుకుంది.

"మబ్బు చూసి నేను కొంగు పరిచినా
మబ్బు చూసి నేను కొంగు పరిచినా
కొంగు ఎండిపాయె గాని చుక్క రాలకపాయె"

ఆమె గొంతు తీపి కాదు. గరుకు. హారన్లలో ఇంకా గరుకుగా వచ్చింది. చౌడమ్మ కూర్చున్నచోటనే సుత్తి తీసుకోని రాయి మీద టక్కుమని కొట్టింది. పక్కనామె అందుకుంది. రెండో చరణానికి ఎన్ని సుత్తులో నేను చెప్పలేను. మూడోసారి చెప్పే జవాబు జనమే కట్టి పాడతాండ్రి. ఒకరు మేస్త్రీ మీద, ఒకరు ఎండిన బావి మీద. రికార్డు అయిపోతే మళ్ళా మొదట్నుంచి పెట్టినా.

అప్పుడొచ్చింది జీపు. ఆఫీసరు దిగి, "ఏమిటీ కేకలు? ఆపండి!" అన్నాడు. నేను సూది మీదికి చెయ్యి చాపినా. మారెక్క నా చెయ్యి పట్టుకుంది.

"పాట అయిపోనీ సారూ" అనింది మైకులోనే. "మీ కోసరం రెండు గంటలు కూర్చున్నాం. మీరు రెండు నిముషాలు నిలబడండి."

పాట తిరుగుతానే ఉండాది. ఆఫీసరు జనాన్ని చూసినాడు, సుత్తులు చూసినాడు. రుమాలుతో మొగం తుడుచుకోని, పాట అయ్యేదాకా జీపు పక్కనే నిలబడినాడు.

ఆపైన గవర్నమెంటు మీటింగులకు నన్ను పిలవలేదు. నేను భయపడిందే జరిగింది. అయితే పెండ్లిండ్లకు, ఊరి దేవర జాతరలకు పిలుపులు ముందుకంటే ఎక్కువైనాయి. "మారెక్కను తోడుకోనే రావాల, ఆ అమెరికా ఆయప్పను గూడా తేవాల" అని చెప్పిపోతాండ్రి. నల్లమాడ దాకా పోయినాం. ఆమె పాత్రలు తోమే పని మానేసింది. ఊర్లకు పోయిన చోటల్లా ముసలోళ్ళ దగ్గర కూర్చోని, గరుకు గొంతు యాడుంటే ఆడ ఆ పాట నేర్చుకునేది.

అరవై ఎనిమిదికి రికార్డు అరిగిపోయింది. సూది గీతలోనే నిలవదు. నేను దిగులుపడితే మారెక్క అనింది, "ఆయప్పొక్కడే పాడింటాడా? అట్లాంటోళ్ళు ఇంకా ఉంటారు. పోదాం పా."

బెంగళూరు పోయినాం. పాత సామాన్లు అమ్మే బజారులో రికార్డులు కుప్పలు పోసుకున్న సాయిబు ఒకాయన ఉన్నాడు. పాడినోని పేరు చెప్పండన్నాడు. పేరు మాకేం తెలుసు? మారెక్క ఆ వరస పాడి వినిపించింది. సాయిబు లోపలికిపోయి ఒక చేటెడు రికార్డులు తెచ్చినాడు.

ఒక్కొక్కటి పెట్టినాడు. మారెక్క పది చుట్లు తిరిగేదాకా వినేది, వద్దని చెయ్యి ఊపేది.

"ఇది పెండ్లి బ్యాండు. తీయి."

"వీడు అద్దం ముందర నిలబడి పాడతాండాడు. తీయి."

"గొంతు మంచిదే, మనసులో ఇంగేదో ఉండాది. తీయి."

ఏడు తీయించింది. సాయిబుకు విసుగు రాలేదు సరిగదా, ముచ్చటేసింది. ఎనిమిదోది చిన్న రికార్డు, కొత్తది. పెడితే తగరం డబ్బాల మీద రాళ్ళు పడినట్లు డోళ్ళు, గిటారేమో చెడిపోయిన మోటారు మాదిరి. నలుగురు పిల్లోళ్ళు ఒకరిమీద ఒకరు అరుస్తాండారు. నేను చెవులు మూసుకున్నా.

మారెక్క ముందుకు వంగింది. అయిపోయేదాకా కదల్లేదు.

"వీళ్ళకు వాయించేది ఇంకా రాదు" అనింది. "వచ్చేదాకా ఆగలేక వాయించినారు. ఇదే కావాల."

"అక్కా, ఇది పెండ్లిలో వేస్తే తరుముతారు."

"మొదటిదానికి నువ్వే నవ్వినావు గదప్పా," అని, కుప్ప ముందర చాపేసుకోని కూర్చుంది. "సాయిబన్నా, ఇట్లాంటివి ఇంకా ఉంటే అన్నీ తే."