టీచరమ్మ టైంటేబులు

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన నాయనమ్మ, కోడలు ఆఫీసుకు బయలుదేరగానే గోడకు టైంటేబులు అంటించింది. మొదటి పీరియడు గిలక్కాయ, రెండోది బొమ్మల పుస్తకం, మూడోది పాటలు. తొమ్మిది నెలల మనవరాలు గిలక్కాయ విసిరికొట్టింది, పుస్తకం నమిలింది, పాట ఎత్తుకోగానే ఏడుపు లంకించుకుంది.

“బొత్తిగా క్రమశిక్షణ లేదు!” అని విసుక్కుంటూ, పీరియడు అయిపోయిందని నాయనమ్మ స్టీలు గ్లాసు మీద గరిటెతో టంగుమని కొట్టింది. ఏడుస్తున్నదల్లా పిల్ల కిలకిలా నవ్వింది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి ఇల్లంతా టంగుటంగుమంటోంది.

“పాఠాలు ఎంతవరకు వచ్చాయి అత్తయ్యా?”

“ఎక్కడి పాఠాలే! పొద్దుట్నుంచీ బడి వదిలే ఇంటిబెల్లే కొడుతున్నా. చివరి పీరియడులో పిల్లల మొహాలు వెలిగిపోతుంటే, నా పాఠానికే అనుకున్నాను ఇన్నేళ్లూ!”