అమ్మమ్మకు పట్టుచీర

తెల్లదొరల కాలంలో మిరపకోత కూలీల చేత సమ్మె చేయించిన తన అమ్మమ్మ కథను సత్తెనపల్లి టీచరు జయకుమారి నవలగా రాసింది. దాన్ని కోటి రూపాయలు పోసి సినిమాగా తీశారు. మొదటి ఆటకు నిర్మాత ఆమెను చిలకలూరిపేట పిలిపించి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

తెరమీద అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని మిరపచేలో గెంతింది. సమ్మె చేయించింది మాత్రం గుర్రమెక్కి వచ్చిన జమీందారు కొడుకు. అమ్మమ్మ అతని కాళ్ళమీద పడి ఏడ్చింది.

“ఎలా ఉందండీ?” అన్నాడు నిర్మాత ఇంటర్వెల్‌లో.

“మా అమ్మమ్మ ఎవడి కాళ్ళమీదా పడలేదండీ. పడుంటే నేను నవలే రాసేదాన్ని కాదు.”

“జనానికి హీరో కావాలి కదమ్మా!”

“అయితే ఆ గుర్రమెక్కిన పిల్లాణ్ణే ఉంచుకోండి. మా అమ్మమ్మ పేరూ, నా పేరూ తీసెయ్యండి.”

ఆమె లేచి బస్సెక్కింది. పేర్లు తియ్యలేదు, సినిమా విరగాడింది. ఎవరైనా సినిమాలో అమ్మమ్మను మెచ్చుకోబోతే జయకుమారి ఒకటే చెప్పేది: “ఆవిడెవరో నాకు తెలీదండీ.”