ఖాళీ ఫారాల మీద సంతకం

మా ఆయన జయకుమార్ మార్చి పన్నెండున, బుధవారం పోయారు. ఆస్పత్రికి చేరేలోగా గుండె ఆగింది. ఆయన లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. కొత్త ఇంటికి కరెంటు రావాలంటే, వైరింగు పరీక్షించి ఆయన సంతకం చేసిన రిపోర్టు ఆఫీసులో ఇవ్వాలి. ఆ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి పుస్తకం నేనే చదివి వినిపించాను.

రెండు వారాలకు బసవరాజు వచ్చాడు. కల్లూరులో ఇళ్లు కట్టించే మేస్త్రీ. టీ వద్దన్నాడు. అన్న బ్యాగులో ఒక కవరుంది, అది కావాలన్నాడు.

తెచ్చి నేనే విప్పాను. ఆరు రిపోర్టు ఫారాలు. ఇంటి యజమాని పేరు లేదు, కొలతలు లేవు. కింద మాత్రం ముద్ర, ఆయన సంతకం.

"చూడకుండానే చేసినాడా?" అన్నాను.

"మొదట్లో వచ్చి చూస్తాండె. మావోళ్ల పని మీద నమ్మకం కుదిరినాక ఇట్ల ఇచ్చినాడక్కా."

ఇలా ఇచ్చినవి ఎన్నిళ్లని అడిగాను. గోడవైపు చూస్తూ పద్నాలుగు అన్నాడు. అన్నింట్లో జనం కాపురమున్నారట. ఆదివారం ఇంకో గృహప్రవేశం ఉందట. ఫిబ్రవరి తేదీ వేసుకుంటానని ఫారాల మీదికి చెయ్యి చాపాడు. నేను అరచెయ్యి వాటి మీద పెట్టాను.

"పిల్లోళ్ల పేపర్లు నువ్వు చూడకుండా ఎప్పుడూ మార్కులు వేయలేదా, టీచరక్కా?"

"వేసింటే ఒక మార్కు తప్పు పోతుందప్పా. ఈడ గోడ ముట్టుకుంటే మనిషే పోతాడు."

"అన్న పేరు బజార్న పడతాది. ఆలోచించుకో."

ఆలోచించాను. ఆ పేరు తప్ప ఆయనది నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అయినా ఆ పద్నాలుగు ఇళ్ల అడ్రసులు రాసిమ్మన్నాను. రాయకపోతే ఈ ఫారాలు ఇట్లే ఆఫీసుకు తీసుకుపోతానన్నాను. చివరికి బసవరాజు పెన్ను అడిగాడు. అతను వెళ్లాక ఫారాలు చింపేశాను.

శనివారం మా ఆయన స్నేహితుడు దాదాపీర్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. అతనికీ లైసెన్సుంది. మొదటి ఇల్లు కౌసర్‌ది. రెండు చోట్ల మీటరు పెట్టి చూసి, దాదాపీర్ మెయిన్ ఆపేశాడు. స్నానాలగది హీటరుకు ఎర్త్ తీగే కలపలేదు. రోజూ పిల్లలకు అక్కడే నీళ్లు పోస్తున్నానని కౌసర్ చెప్పింది. రిపోర్టు ఎవరు రాశారని అడిగింది. మా ఆయన అని చెప్పాను.

ఇప్పటికి ఐదిళ్లు చూశాం. తొమ్మిదిళ్లు ఇంకా చూడలేదు.