ఒంటిచేతి ఆట

ఆమెకు అన్నిటికన్నా భయం ఒక్కటే: తమ్ముడు ఫోన్ ఎత్తకపోవడం. అమ్మ పోయిన నాటి నుంచీ వాడు అక్క ఫోన్‌ని మూడో రింగు దాటనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఎత్తక రెండు రోజులైంది.

తన చదువు తొమ్మిదితో ఆగిపోయినా తమ్ముణ్ణి పట్టుబట్టి చదివించింది. వాడేమో ఉద్యోగం మానేసి, నాలుగేళ్లు ఒక్కడే గదిలో కూర్చుని ఫోన్‌లో ఆడే ఆట ఒకటి తయారుచేశాడు. పంచదార పలుకు మోసుకుంటూ ఒక చీమ, గట్టు మీంచి గట్టుకు దూకుతూ ముప్పై అంతస్తుల మేడ ఎక్కాలి. అంతే.

ఆడి చూసి తప్పులు చెప్పడానికి వాడికున్నది అక్క ఒక్కతే. అక్క ఒళ్లో అప్పటికి నెలల పిల్ల.

"దూకవేం అక్కా?" అనేవాడు ఫోన్‌లో.

"ఏం దూకనురా, ఒక చేత్తో దీన్ని పట్టుకుని? నా బొటనవేలు కదిలేలోపే నీ చీమ పడి చస్తోంది."

"సరే మహారాణీ, నీ వేలికి తగ్గట్టే చేస్తాలే."

చేశాడు. చీమ గాల్లో కాసేపు ఆగి, నిదానంగా దిగడం మొదలుపెట్టింది. ఆమె ముప్పయ్యో అంతస్తుదాకా ఎక్కేసి మురిసిపోయింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్ల సంగతి ఇద్దరికీ తట్టనే లేదు.

ఆట బయటికొచ్చిన నాలుగో రోజు, వీడియోలు చేసే నల్లకళ్లద్దాలవాడు ఒకడు దాన్ని పది నిమిషాలు ఆడాడు. "ఇది చీమా, దూదిపింజా?" అని కెమెరా ముందు ఆవలించాడు. ఇక కాకులు మూగినట్టు మూగారు. ఆట మొహం చూడనివాళ్లు కూడా "దూది" అని రాసి పోయారు. తమ్ముడు ఒక్క మెసేజ్ పెట్టాడు: "నీకు నచ్చిందంటే అందరికీ నచ్చుతుందనుకున్నా అక్కా." ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఛార్జింగ్ అయిపోయుంటుంది," అన్నాడు భర్త బూట్లు వేసుకుంటూ. "వాడేమన్నా పాలుతాగే పిల్లాడా?"

"పాలుతాగే పిల్లాడైతే ఏడుస్తాడు, తెలుస్తుంది. మీరు వెళ్లి చూసి రండి."

"సెలవివ్వరు. ఆదివారం చూద్దాంలే."

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. వాడుండే ఊరు రైల్లో పదకొండు గంటలు. పిల్లకు జ్వరం. ఆమెకు ఒళ్లు మండిపోయింది, భర్త మీద, ఆ ఆవలించినవాడి మీద, తన బొటనవేలి మీద.

పిల్లను భుజాన వేసుకుని, ఆట కింద జనం రాసినవన్నీ పళ్లు కొరుక్కుంటూ చదివింది. ఒకచోట ఆగింది. "ఈ ఆట చేసినతను మా పై వాటాలోనే ఉంటాడు. మెట్ల మీద తల వంచుకుని పోతుంటే ఏదో వెలగబెడుతున్నాడనుకున్నా. తీరా చూస్తే దూది."

దాని కిందే రాసింది. తప్పులు దిద్దుకోలేదు.

"బాబూ, నేను అతని అక్కను. ఆ చీమ అలా తేలడానికి కారణం నేనే, తిట్టాలంటే నన్ను తిట్టు. పది నిమిషాల్లో తేల్చేశారు మీరంతా, వాడు నాలుగేళ్లు కూర్చున్నాడు. ఇంతమందిలో వాడి ముఖం చూసినవాడివి నువ్వొక్కడివే. రెండు రోజులుగా వాడు ఫోన్ ఎత్తట్లేదు. ఇది చదవగానే పైకి వెళ్లు. తలుపు కొట్టు. తియ్యకపోతే ఇంటి ఓనర్ని పిలిచి తీయించు. వాడు కనబడ్డాక ఆట గురించి ఒక్క మాటా అనొద్దు. ఎలా ఉన్నాడో చూసి నాకు ఇక్కడే రాయి."